పూలను ఆరబెట్టే పద్ధతుల మెరుగుదల – చిన్న రైతు సముదాయాలకు ఆదరువు: ఒక పరిశీలన

పరిశోధన వ్యాస సంగ్రహం:

తాజా పూల ధర పండుగలు, ముహూర్తాల మీద ఆధారపడి ఉంటుంది. పూల దిగుబడి మాత్రం రుతువు మీద, మొక్క వయసు మీద ఆధారపడి ఉంటుంది. ఈ రెండూ కలవని రోజుల్లో చిన్న రైతు నష్టపోతాడు. పూలను ఆరబెట్టి నిల్వచేయడం ఈ నష్టానికి ఒక పరిష్కారంగా తరచు వినిపిస్తోంది. అయితే ఏ పూలను, ఏ అవసరానికి, ఏ పద్ధతిలో ఆరబెట్టాలన్న వివేచన లేకపోతే ఆ శ్రమ వృథా అవుతుంది. పూలను ఆరబెట్టడం వెనుక ఉన్న శాస్త్రీయ సూత్రాలను, వాడుకలో ఉన్న పద్ధతుల గుణదోషాలను, సామూహిక స్థాయిలో జరిగిన కొన్ని ప్రయత్నాలను పరిశీలించి, చిన్న రైతులకు మేలు చేసే మార్గాన్ని సూచించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: పూలసాగు, ఆరబెట్టడం, నీడ, తేమ శాతం, వర్ణకాలు, సోలార్ డ్రయ్యర్, మహిళా సంఘాలు, చిన్న కమతాలు.

1. ఉపోద్ఘాతం:

కోసిన క్షణం నుంచే విలువ తరిగిపోయే పంట పువ్వు. ధాన్యానికి గాదె ఉంది, మిరపకు శీతల గిడ్డంగి ఉంది. బంతికి, చేమంతికి, గులాబికి అటువంటి ఆశ్రయం దాదాపు లేదు. తెల్లవారుజామున కోసిన పూలు ఆ పూటే కడియపులంక సంతకో, హైదరాబాదులోని గుడిమల్కాపూర్ మార్కెట్‌కో చేరాలి. బతుకమ్మ, దసరా, దీపావళి రోజుల్లో ఎగబాకిన ధర ఆ వెంటనే వచ్చే రోజుల్లో కుప్పకూలుతుంది. ఆషాఢంలో, మూఢంలో పెళ్లిళ్లు ఉండవు. చెట్టుకు మాత్రం ఆ సంగతి తెలియదు, అది పూస్తూనే ఉంటుంది. కోతకూలి, రవాణా ఖర్చు కూడా రాని రోజున రైతు పూలను గట్టున పారబోయడమో, కోయకుండా తోటలోనే వదిలేయడమో చేస్తాడు.

2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలోని కమతాల్లో సుమారు 86 శాతం రెండు హెక్టార్లలోపువే. కొద్ది కుంటల్లో పూలు వేసుకునే కుటుంబానికి ఒక వారం ధర పడిపోయినా ఆ ప్రభావం ఇంటి ఖర్చుల మీద పడుతుంది. ఈ నేపథ్యంలో పూలను ఆరబెట్టడమన్నది కేవలం సాంకేతికాంశం కాదు, రైతు బేరమాడగల శక్తికి సంబంధించిన అంశం. నిల్వ ఉండే సరుకు చేతిలో ఉన్నవాడు రేపటిదాకా ఆగగలడు. వాడిపోయే సరుకు ఉన్నవాడు ఆగలేడు.

2. ఎండబెట్టడం – ఆరబెట్టడం:

తెలుగులో ఈ పనికి రెండు మాటలున్నాయి. మిరపకాయలను, వడియాలను ఎండబెడతారు. తడిబట్టలను, కడిగిన ఆకులను ఆరబెడతారు. ధాన్యాన్ని కళ్లంలో ఆరబెట్టడం వంటి సందర్భాల్లో రెండు మాటల అర్థాలూ కలిసిపోయినా, మూలంలో తేడా స్పష్టమే. ‘ఎండబెట్టడం’లో ఎండ సాధనం. ‘ఆరబెట్టడం’లో తడి పోవడం లక్ష్యం. దానికి గాలి చాలు, నీడ చాలు.

ఈ తేడా పూల విషయంలో కీలకమైనది. వేసవి మొదట్లో రాలిన వేపపువ్వును ఏరి, శుభ్రం చేసి, నీడపట్టున ఆరనిచ్చి డబ్బాల్లో దాచుకోవడం తెలుగు ఇళ్లలో ఉన్న అలవాటే. చారులోకి, పథ్యంలోకి ఏడాది పొడవునా అదే వాడతారు. ఆయుర్వేద పరిభాషలోని ‘ఛాయాశుష్కం’ అన్న మాట కూడా నీడన ఆరిన ద్రవ్యాన్నే సూచిస్తుంది. శిక్షణ తరగతుల్లో, కరపత్రాల్లో ‘పూలను ఎండబెట్టండి’ అని మాత్రమే రాస్తే, చదివినవారు మిరపకాయలకు అలవాటైన పద్ధతినే పూలకూ వర్తింపజేస్తారు. ఫలితంగా రంగు, పరిమళం రెండూ పోతాయి. కనుక ఈ వ్యాసంలో ‘ఆరబెట్టడం’ అన్న మాటనే ప్రధానంగా వాడడం జరిగింది.

3. తేమ లెక్క:

తాజా పూల బరువులో సాధారణంగా 80 నుంచి 90 శాతం వరకు నీరే ఉంటుంది. 85 శాతం నీరున్న 10 కిలోల పూలను ఉదాహరణగా తీసుకుంటే, అందులో ఘనపదార్థం కిలోన్నర మాత్రమే. తేమ 10 శాతానికి చేరేవరకు ఆరబెడితే మిగిలే బరువు సుమారు 1.67 కిలోలు. అంటే ఆరు కిలోల తాజా పూలకు ఒక కిలో ఎండుపూలు వస్తాయి. ఈ లెక్క నుంచి మూడు విషయాలు తేలుతాయి.

మొదటిది ధర. తాజా పూలు కిలో 10 రూపాయలకు పోతున్న రోజున ఎండుపూలలో ముడిసరుకు విలువే కిలోకు 60 రూపాయలు. దానికి కూలి, పరికరాల ఖర్చు, నిల్వ, తరుగు కలపాలి. ఎండుపూల కొనుగోలు ధర ఈ మొత్తాన్ని మించకపోతే ఆరబెట్టడం వల్ల రైతుకు ఒరిగేదేమీ లేదు. తాజా పూలు కిలో 50 రూపాయలకు పోయే రోజున వాటిని ఆరబెట్టాలనుకోవడం చాలా సందర్భాల్లో అవివేకమే.

రెండవది శక్తి. ఆ 10 కిలోల నుంచి 8.33 కిలోల నీరు పోవాలి. ఇంత నీటిని ఆవిరి చేయడానికి సిద్ధాంతరీత్యా కనీసం ఐదున్నర యూనిట్ల విద్యుత్తుకు సమానమైన ఉష్ణం కావాలి. ఆచరణలో ఇంకా ఎక్కువే పడుతుంది. ఒక చదరపు మీటరు మీద రోజుకు 5 యూనిట్ల సౌరశక్తి పడుతుందనుకుని, అందులో 30 శాతం ఉపయోగపడుతుందనుకుంటే, ఈ పని ఒక్క రోజులో పూర్తి కావడానికి సుమారు నాలుగు చదరపు మీటర్ల వైశాల్యం కావాలి. చిన్న పెట్టెలాంటి డ్రయ్యర్ ఒకటి కొని వంద కిలోల పూలు ఆరబెట్టాలనుకునేవారికి ఈ లెక్క ముందే తెలియడం మంచిది.

మూడవది కొలత. పూలు ఆరాయో లేదో చేతితో నలిపి చూడడం అనుభవజ్ఞులకు సాధ్యమే. కానీ త్రాసు అంతకన్నా నమ్మకమైన సాధనం. పది కిలోలు వేసిన తట్టలు 1.67 కిలోలకు దిగాయా లేదా అని తూచి చూస్తే సందేహం తీరిపోతుంది. ఖరీదైన తేమమాపకం లేని చోట త్రాసే ఆ పని చేస్తుంది.

4. గాలి, వేడి, వెలుగు:

పువ్వులోని నీరు గాలిలోకి పోవాలంటే ఆ గాలికి నీటిని తీసుకునే శక్తి ఉండాలి. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద 80 శాతం సాపేక్ష ఆర్ద్రత ఉన్న గాలి దాదాపు నిండుకుండ వంటిది. అదే గాలిని 45 డిగ్రీలకు వేడిచేస్తే, అందులోని నీటిలో మార్పు లేకుండానే, సాపేక్ష ఆర్ద్రత 35 శాతం దరిదాపులకు పడిపోతుంది. అప్పుడు అది పూల నుంచి తేమను గ్రహించగలుగుతుంది. సోలార్ డ్రయ్యర్ పనిచేసే సూత్రం ఇదే. కోస్తా జిల్లాల్లో వానాకాలంలో నీడన ఆరబెట్టిన పూలు బూజు పట్టడానికి, రాయలసీమలో వేసవిలో అవే పూలు త్వరగా ఆరిపోవడానికి కారణం కూడా ఇదే. గాలి ఒకచోట నిలిచిపోకూడదు. తేమతో నిండిన గాలి బయటికి పోయి కొత్తగాలి లోపలికి రావాలి. లోపల ఎంత వేడి ఉన్నా, గాలి కదలని పెట్టెలో పూలు ఆరవు, ఉడుకుతాయి.

రంగు నిలవడం పూలలోని వర్ణకాల స్వభావాన్ని బట్టి ఉంటుంది. బంతిలోని పసుపు, నారింజ రంగులకు కెరోటినాయిడ్లు కారణం. ఇవి వెలుగుకు, ప్రాణవాయువుకు లోనై క్షీణిస్తాయి. గులాబి, మందారం, శంఖుపువ్వుల ఎరుపు, నీలి రంగులకు ఆంథోసయనిన్లు కారణం. ఇవి అధిక వేడికి, వెలుగుకు తట్టుకోలేవు. ఆమ్లత మారితే రంగు మార్చుకుంటాయి. శంఖుపువ్వు నానిన నీలిరంగు నీటిలో నిమ్మరసం పిండితే ఊదారంగు రావడం దీనికి నిదర్శనం. కాగితంపూలలోని రంగుకు కారణం బీటలెయిన్లు అనే మరో వర్గం వర్ణకాలు. ఇక నలిగిన రేకులు గోధుమరంగుకు తిరగడానికి కణాలు చితికినప్పుడు చురుకయ్యే ఎంజైములు కారణం. అందువల్ల ఆరబెట్టడం ఆలస్యమైన కొద్దీ, పూలు నలిగిన కొద్దీ రంగు చెడుతుంది.

5. వాడుకలోని పద్ధతులు – గుణదోషాలు:

5.1 నేలమీద ఎండలో పరచడం: ఖర్చు లేని పద్ధతి. దుమ్ము, పురుగులు, పశుపక్ష్యాదుల వల్ల సరుకు కలుషితమవుతుంది. వెలుగు వల్ల రంగు పోతుంది. అకస్మాత్తుగా వాన వస్తే ఆ రోజు శ్రమంతా పోతుంది. ఇంతకన్నా మెరుగైన తొలి అడుగు చాలా సులువైనది. నేల నుంచి రెండు మూడు అడుగుల ఎత్తులో మంచె వేసి, జల్లెడవంటి వల బిగించి, పైన గుడ్డ కప్పితే గాలి కిందనుంచీ పైనుంచీ ఆడుతుంది.

5.2 నీడన వేలాడదీయడం: కాడలతో కోసిన పూలను చిన్న కట్టలుగా కట్టి, తలకిందులుగా వేలాడదీస్తారు. రేకులు సహజంగానే పొడిగా, కాగితంలా ఉండే పూలకు ఇది ఎంతో అనువైనది. బతుకమ్మలో పేర్చే గునుగు, తోటల్లో పెంచే బొగడబంతి, కోడిజుట్టు పువ్వు ఈ కోవలోనివి. ఇవి ఆకృతిని దాదాపు కోల్పోవు. పెట్టుబడి లేని కుటుంబాలు ఈ పూలతో మొదలుపెట్టడం ఉచితం.

5.3 అదిమి ఆరబెట్టడం: పూలను, ఆకులను పాత వార్తాపత్రికల మడతల మధ్య ఉంచి బరువు పెడతారు. కాగితాలను తరచు మార్చాలి. ఆకృతి బల్లపరుపుగా మారుతుంది కనుక శుభాకాంక్షల పత్రాలు, చిత్రపటాలు వంటి వాటికే ఇది పనికివస్తుంది.

5.4 పూడ్చి ఆరబెట్టడం: సన్నని శుభ్రమైన ఇసుకలోనో, సిలికా జెల్‌లోనో పువ్వును నిలువుగా ఉంచి, రేకుల సందుల్లోకి ఆ పొడి మెల్లగా దిగేలా పోస్తారు. గులాబి వంటి పూల ఆకృతి చెడకుండా నిలుస్తుంది. ఇసుక చవక, కానీ తేమను తానుగా పీల్చుకోదు, అందుకే వారాలు పడుతుంది. సిలికా జెల్‌తో కొద్ది రోజుల్లోనే పని పూర్తవుతుంది. దానిని వేడిచేసి మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. అయితే ఈ పద్ధతిలో ఆరిన పూలు అలంకరణకే తప్ప ఆహారానికి పనికిరావు.

5.5 నియంత్రిత ఉష్ణంతో ఆరబెట్టడం: సోలార్ డ్రయ్యర్లు, వేడిగాలి ఓవెన్లు ఈ వర్గంలోకి వస్తాయి. పూలకు సాధారణంగా 40 నుంచి 50 డిగ్రీల ఉష్ణోగ్రత అనుకూలం. సూర్యరశ్మి నేరుగా పూల మీద పడకుండా, వేడెక్కిన గాలి మాత్రమే తట్టల గుండా పోయే పరోక్ష రకం సోలార్ డ్రయ్యర్ రంగు నిలిపే విషయంలో మేలైనది. పూలను కుప్పగా కాక ఒకే పొరగా పరచాలి. మందంగా ఉన్న బంతిపూల నుంచి రేకులను వేరుచేస్తే సమయం, ఇంధనం రెండూ ఆదా అవుతాయి. ఘనీభవన శుష్కీకరణం వంటి పద్ధతులు నాణ్యతలో ముందున్నా చిన్న రైతుల అందుబాటులో లేవు.

6. మిగిలిన పూలా, ఎంచిన పూలా?

ఎండుపూల గురించి సాధారణంగా వినిపించే మాట ‘అమ్ముడుపోని పూలను ఆరబెట్టుకోవచ్చు’ అన్నది. ఈ మాటలోనే ఒక పొరపాటు ఉంది. సంతలో రోజంతా ఉన్న పువ్వు అప్పటికే గోనెలో నలిగి, వాడకుండా చల్లిన నీళ్లతో తడిసి, రంగు మారడం మొదలై ఉంటుంది. దానిని ఎంత మంచి డ్రయ్యర్‌లో పెట్టినా పోయిన రంగు తిరిగి రాదు. ఆరబెట్టడం నాణ్యతను నిలుపుతుందే కాని పెంచదు.

కాబట్టి నిర్ణయం సంతలో కాదు, తోటలోనే జరగాలి. ముందురోజు ధర చూసి, ఈ రోజు కోతలో ఎంత భాగం సంతకు, ఎంత భాగం తట్టలకు అన్నది కోతవేళకే తేలాలి. ఆరబెట్టే పూలను పొద్దున మంచు తడి ఆరిన తరువాత కోయాలి. ఆకృతి ముఖ్యమైన పూలను పూర్తిగా విప్పారడానికి కాస్త ముందే కోయాలి, ఎందుకంటే అవి ఆరేటప్పుడు మరికొంత విచ్చుకుంటాయి. వాన పడిన రోజు కోతను మానుకోవడమే మంచిది.

ఏ అవసరానికి అన్న ప్రశ్న కూడా ముందే తేలాలి. ఎండుపువ్వు తాజా పువ్వుకు ప్రత్యామ్నాయం కాదు. దేవుడి పూజకు, తలలో పెట్టుకోవడానికి అది పనికిరాదు. దాని గిరాకీ వేరు. అలంకరణ వస్తువులు, అగరుబత్తీలు, సహజ రంగులు, పూల తేనీళ్లు, పశుపక్ష్యాదుల దాణా వంటివి దాని దారులు. కర్ణాటక, తమిళనాడు ప్రాంతాల్లో ల్యూటిన్ తీయడానికి బంతిని ఒప్పంద పద్ధతిలో పండిస్తారు. అక్కడ రైతు పూజ కోసం కాక వర్ణకం కోసమే ఆ పంట వేస్తాడు. కోల్‌కతా, తూత్తుకుడి కేంద్రాలుగా సాగే ఎండుపూల ఎగుమతి వ్యాపారంలో కూడా పూలతో పాటు కాయలు, గడ్డి, కొమ్మలు చేరి ఉంటాయి.

7. ఆహారంగా వాడే పూలు – పురుగుమందుల సమస్య:

మూడవ విభాగంలోని లెక్కకు మరో ముఖం ఉంది. ఆరు కిలోలు ఒక కిలోగా మారినప్పుడు నీరు పోతుంది, కానీ రేకుల మీద ఉన్న పురుగుమందు అవశేషమంతా నీటితో పాటు పోదు. కొంత భాగం వేడికి, వెలుగుకు విచ్ఛిన్నమైనా, మిగిలినది తక్కువ బరువులోకి చేరి గాఢమవుతుంది. దండల కోసం పెంచే బంతి, చేమంతి, గులాబి తోటల్లో మందుల పిచికారీ సామాన్యం. అటువంటి పూలను ఆరబెట్టి ‘పూల టీ’గా అమ్మడం వినియోగదారుని ఆరోగ్యానికి ప్రమాదకరం, సంఘం పేరుకు కూడా మచ్చ.

కాబట్టి తినే పూలకు, అలంకరణ పూలకు మడులు వేరుగా ఉండాలి, తట్టలు వేరుగా ఉండాలి. మందులు అంతగా అవసరం లేని మొక్కలను తినే పూల కోసం ఎంచుకోవడం తెలివైన పని. కంచెల మీద పాకే శంఖుపువ్వు, బీళ్లలో పూసే తంగేడు, ఎర్ర గోంగూర కాయలను చుట్టి ఉండే రక్షక పత్రాలు ఇందుకు ఉదాహరణలు. ప్రపంచమంతటా మందారపు టీ పేరుతో అమ్ముడయ్యే ఎర్రని పానీయం ఈ రక్షక పత్రాల నుంచి వచ్చేదే. తెలుగువారు ఆకుకూరగా మాత్రమే చూసే మొక్కకు మరో విలువ ఉందన్నమాట.

8. సామూహిక ప్రయత్నాలు – మూడు ఉదాహరణలు:

8.1 పాంపోర్: కాశ్మీరులో కుంకుమపువ్వు రైతులు కీలాగ్రాలను ఇళ్లలోనే ఆరబెట్టేవారు. ఆరడం ఆలస్యమైతే రంగునిచ్చే క్రోసిన్ తగ్గుతుంది, సరుకు విలువ పడిపోతుంది. 2010లో మొదలైన జాతీయ కుంకుమపువ్వు మిషన్‌లో భాగంగా పాంపోర్ వద్ద ఏర్పడిన వాణిజ్య కేంద్రంలో ఆరబెట్టడం, నాణ్యతా పరీక్ష, ఎలక్ట్రానిక్ వేలం ఒకే చోట జరిగే ఏర్పాటు చేశారు. 2020లో కాశ్మీర్ కుంకుమపువ్వుకు భౌగోళిక గుర్తింపు లభించింది. ఇక్కడ గమనించవలసింది యంత్రం ఒక్కటే కాదు. తన సరుకు ఏ శ్రేణిలో ఉందో రైతుకు తెలిసే ఏర్పాటు యంత్రమంత ముఖ్యమైనది.

8.2 తిరుపతి: తిరుమల తిరుపతి దేవస్థానం 2021లో డాక్టర్ వై.ఎస్.ఆర్. ఉద్యాన విశ్వవిద్యాలయంతో ఒప్పందం చేసుకుని, ఆలయాల్లో వినియోగించిన పూలను ఆరబెట్టి దేవతా చిత్రపటాలు, ఇతర వస్తువులు తయారుచేసే కార్యక్రమం చేపట్టింది. తిరుపతిలోని నిమ్మజాతి పరిశోధన స్థానంలో మహిళలకు ఇందుకు శిక్షణ ఇచ్చారు. పూల వ్యర్థాలకు విలువ కల్పించడం, మహిళలకు పని దొరకడం ఇందులోని ప్రయోజనాలు. అయితే ఈ నమూనాలో ఆదాయం కళాకౌశలానికి చెందుతుంది. పూలు పండించిన రైతుకు నేరుగా చేరేది తక్కువ. రైతుల కోసం ఈ నమూనాను అనుసరించేవారు ఈ భేదాన్ని గుర్తించాలి.

8.3 ఉట్నూరు: ఇప్పపువ్వు సాగుపంట కాకపోయినా పూలను ఆరబెట్టే తెలుగు సంప్రదాయంలో దానిదే పెద్ద స్థానం. చైత్రమాసపు తెల్లవారుజాముల్లో రాలిన పూలను ఆదివాసీ కుటుంబాలు ఏరి, ఆరబెట్టి నిల్వచేస్తాయి. చెట్టు కింద వల కట్టి మట్టి అంటకుండా పూలను సేకరించడం ఇటీవల ప్రచారంలోకి వచ్చిన మెరుగుదల. ఏరడానికి వీలుగా చెట్టు కింది ఆకులను తగలబెట్టే అవసరం కూడా దీనితో తప్పుతుంది. ఉట్నూరులో ఆదివాసీ మహిళలు ఇప్పపూలతో లడ్డూలు తయారుచేసి అమ్ముతున్నారు. ఎండుపువ్వును ముడిసరుకుగా దళారికి అమ్మడానికి, తినుబండారంగా మార్చి అమ్మడానికి ఉన్న తేడా ఈ ఉదాహరణలో కనిపిస్తుంది.

9. నిల్వ, నిర్వహణ:

బాగా ఆరిన పువ్వు గాలిలోని తేమను మళ్లీ పీల్చుకుంటుంది. డ్రయ్యర్ నుంచి తీసి చల్లారిన వెంటనే గాలి చొరని డబ్బాల్లోకి ఎత్తకపోతే ఒక్క వానరాత్రి చాలు, శ్రమంతా పోతుంది. వేడిగా ఉండగానే మూతపెడితే లోపల ఆవిరి చేరి బూజుకు దారితీస్తుంది. డబ్బాలు చీకటిచోట ఉండాలి. కోసిన తేదీ, తోట, ఆరిన తరువాతి బరువు రాసి అంటించాలి. కొనుగోలుదారుకు నమ్మకం కలిగించేది ఈ చిన్న కాగితమే.

డ్రయ్యర్ ఒక్కో కుటుంబానికి ఒకటి అవసరం లేదు. పది పదిహేను కుటుంబాల సంఘం ఉమ్మడిగా ఒకటి నిర్వహించుకుంటే ఏడాదిలో ఎక్కువ రోజులు అది ఖాళీగా ఉండదు. పూలు లేని రోజుల్లో మునగాకు, కరివేపాకు, కూరగాయల వరుగులు అందులోనే ఆరబెట్టుకోవచ్చు. 2020లో మొదలైన సూక్ష్మ ఆహారశుద్ధి సంస్థల క్రమబద్ధీకరణ పథకం వ్యక్తిగత యూనిట్లకు 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల రుణానుసంధాన రాయితీని నిర్దేశించింది. ఇది ఆహారోత్పత్తులకు ఉద్దేశించినది కనుక తినే పూలను ఎంచుకున్న సంఘాలకే వర్తించగలదు. 2021లో ప్రారంభమైన సి.ఎస్.ఐ.ఆర్. పూలసాగు మిషన్, లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థ రూపొందించిన ఎండుపూల హస్తకళా పద్ధతులు సాంకేతిక సహాయానికి ఆధారాలు.

పూలు కోయడం, రేకులు విడదీయడం, తట్టలు తిప్పడం, ఏరడం వంటి పనులు ఎక్కువగా స్త్రీల చేతుల మీదుగానే సాగుతాయి. ఈ శ్రమకు ఖర్చు లెక్కలో చోటు ఇవ్వకపోతే కాగితం మీద కనిపించే లాభం నిజానికి చెల్లించని కూలి మాత్రమే అవుతుంది. లాభనష్టాల పట్టికలో ఇంటివారి శ్రమకు కూడా రోజుకూలి వేసి చూడడం న్యాయమే కాక, ఆ వ్యాపారం నిలుస్తుందో లేదో తేల్చే సరైన పరీక్ష కూడా.

10. ముగింపు:

ఈ పరిశీలన ద్వారా తేలిన అంశాలు:

1. ఆరు కిలోల తాజా పూలకు సుమారు ఒక కిలో ఎండుపూలు వస్తాయి. ధర, ఇంధనం, అవశేషాలు అన్నిటినీ ఈ నిష్పత్తితోనే లెక్కించాలి.

2. పూలకు ఎండకన్నా కదిలే గాలి, మితమైన వేడి ముఖ్యం. శిక్షణ సామగ్రిలో ‘ఎండబెట్టడం’, ‘ఆరబెట్టడం’ అన్న మాటలను వేరుచేసి వాడడం రైతుకు నేరుగా ఉపకరిస్తుంది.

3. ఆరబెట్టాలన్న నిర్ణయం కోతకు ముందే జరగాలి. సంతలో మిగిలిన పూలతో నాణ్యమైన సరుకు తయారుకాదు.

4. తినే పూలకు, అలంకరణ పూలకు సాగు దశ నుంచే హద్దు ఉండాలి.

5. ఎత్తైన మంచె, వల, త్రాసు, మూత గట్టి డబ్బా – ఈ నాలుగూ సమకూరిన తరువాతే డ్రయ్యర్ గురించి ఆలోచించడం మేలు. ఆ డ్రయ్యర్ కూడా సంఘం ఉమ్మడి ఆస్తిగా ఉండడం శ్రేయస్కరం.

6. యంత్రంతో పాటు నాణ్యతను నిర్ణయించే ఏర్పాటు, స్త్రీల శ్రమకు విలువకట్టే లెక్క ఉన్నప్పుడే ఆదాయం చిన్న రైతు కుటుంబానికి చేరుతుంది.

పూలు ఆరబెట్టడం పడిపోయిన ధరను పైకి లేపలేదు. ఆ రోజు అమ్మక తప్పని స్థితి నుంచి రైతును కొంత మేరకు తప్పించగలదు. చిన్న కమతాల సాగులో ఆ కొంత వెసులుబాటే తోటను మరో పంటకాలం నిలబెట్టే ఆధారం కాగలదు.